గడిలో నేను పెట్టిన టిక్కు

ఫ్యాను ఉండి కూడా వెయ్యని కొట్టు మా వీధిలో ఒక్కటే ఉండేది. మెట్ల కింద గది అది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక గోడకి కొక్కేలు, కొక్కేలకి త్రాసులు, కింద బల్ల, బల్ల వెనక ముల్లు బాబాయి. నాకు తమ్ముడి వరస. వీధి మొత్తానికి మాత్రం ముల్లు బాబాయే. ఎవరొచ్చినా, ఏం మాట్లాడినా ఆయన చూపు త్రాసు ముల్లు మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరు పడింది.

త్రాసులు బాగుచేయడం ఆయన పని. గాలి తగిలితే పళ్ళెం ఊగుతుంది, పళ్ళెం ఊగితే ముల్లు నిలవదు. అందుకని ఎండ మండిపోతున్నా ఫ్యాను మీట నొక్కేవాడు కాదు. నేను కొంగుతో విసురుకోబోతే దానికీ ఒప్పుకునేవాడు కాదు.

"ఉడికిపోతున్నాను తమ్ముడూ, ఒక్క నిమిషం వెయ్యవయ్యా" అనేదాన్ని.

"కూర్చో అక్కా. ఈ చెమటకి నాలుగు గ్రాములు తగ్గుతావు, నీకే లాభం."

"నన్ను తూచే త్రాసు నీ దగ్గరుందేమిటి?"

"బస్తాలు తూచేది ఉంది."

ఇలా ఉండేవి మా మాటలు. రోజూ పొద్దున ఇంటి పని కాగానే నేను వెళ్ళి ఆ ముక్కాలిపీట మీద కూర్చునేదాన్ని. పని ఉండి కాదు. వీధిలో ఎవరు ఏ కాటా తెచ్చారు, ఎందుకు తెచ్చారు, అందులో ఏం తేడా వచ్చింది, ఇవన్నీ తెలుసుకోకపోతే నాకు పూట గడవదు.

ఆయన దగ్గర ఇంకొకటి ఉండేది. వేలెడంత ఉక్కు ముద్ర. తూనికల ఆఫీసు వాళ్ళు ఇచ్చింది. అంగళ్ళలో వాడే ప్రతి కాటానీ ఏడాదికోసారి పరీక్ష చెయ్యాలి. ఈయన తన తూకపు రాళ్ళు పెట్టి చూస్తాడు. సరిగ్గా ఉంటే కాటాకున్న చిన్న రంధ్రంలో సీసం నింపి, దాని మీద ఆ ముద్ర కొడతాడు. ముద్ర లేని కాటాతో ఎవరూ అమ్మకూడదు. ముప్ఫై రెండేళ్ళు ఆయన కొట్టిన ముద్రని వేలెత్తి చూపినవాళ్ళు లేరు.

ఒకసారి పళ్ళమ్మే అతను పళ్ళెం అడుగున మైనం అంటించుకుని తెచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. పెద్ద రభస అవుతుందని సర్దుకుని కూర్చున్నాను కూడా. ఈయన కేకలు వెయ్యలేదు. మైనమంతా గీకి, కాగితంలో పొట్లం కట్టి, "ఇది నీదే, జాగ్రత్తగా పెట్టుకో" అని అతని చేతిలో పెట్టాడు. అంతే. ఆ మనిషి ఆ వేసవంతా మా వీధి మొదట్లోంచే బండి తిప్పుకుని పోయేవాడు.

మాట కూడా తూచినట్టే ఉండేది. ఎంతసేపు పడుతుందంటే "పదిహేడు నిమిషాలు" అనేవాడు. ఆయన భార్య, అంటే నా మరదలు, నవ్వుతూ వాపోయేది. "ఈయనతో దెబ్బలాడటానికి కూడా లేదు వదినా. 'మీరెప్పుడూ ఇంతే' అంటే 'ఎన్నిసార్లు?' అంటారు. లెక్క చెప్పేలోపు నా కోపం చల్లారిపోతుంది."

ఇక నా సంగతి. అయిదో తరగతితో నా బడి అయిపోయింది. కానీ చదవడం బాగా వచ్చు. కరెంటు బిల్లు, మందుల చీటీ, అద్దె కాగితం, ఏదొచ్చినా వీధిలో సగం మంది నా దగ్గరికే తెస్తారు. చదివిపెట్టడం వరకే నాకు వచ్చిన విద్య. చదివాక తీర్పు చెప్పడం మాత్రం నాకై నేను తగిలించుకున్నది. ఎవరూ కాదనలేదు. కాదనకపోతే మనిషికి తనకన్నీ తెలుసనిపిస్తుంది.

ఇంతకీ ఈ కథ మొదలైంది ఎనిమిదేళ్ళ కిందట. బస్సులు ఆగేచోట ఉన్న మందుల ప్రయోగశాలలో ఒకతను పనిచేసేవాడు. గాజుపెట్టెలో ఉండే సన్నటి త్రాసు అతనిది. ఊపిరి వదిలినా కదిలిపోయే రకం. దాన్ని మన బాబాయి నాలుగు రోజులు కూర్చుని బాగుచేశాడు. తీరా ఇచ్చే రోజుకి అతని ఉద్యోగం పోయింది. చేతిలో పైసా లేదు. మొహమాటపడి, బాబాయి ఫోను తీసుకుని అందులో ఏదో పెట్టి, కొంచెం క్రిప్టో వేసి ఇచ్చాడట. "ఇవాళ్టికి నాలుగు టీలకు వస్తుందండీ, ఉంచుకోండి" అన్నాడట. ఫోను పోయినా అది పోకుండా పన్నెండు మాటలు ఒక చీటీ మీద రాయించాడు. బాబాయి ఆ చీటీని పాత త్రాసు దిమ్మె కింద దాచాడు.

నాకు అది దొరకడానికి వారం పట్టలేదు.

"ఏమిటి తమ్ముడూ ఇది? గొడుగు, మేక, నది, నిచ్చెన... ఎవరికి రాశావు? మా మరదలికి తెలుసా?"

"పైకి చదవకు అక్కా! ఎవరైనా వింటే పోతుంది."

"మేక పోతుందా, నిచ్చెనా?"

అప్పుడు చెప్పాడు విషయం. ఇద్దరం నవ్వుకున్నాం. చీటీ మళ్ళీ దిమ్మె కిందికి వెళ్ళింది.

ఏళ్ళు గడిచాయి. నాలుగు టీల సొమ్ము అక్కడే కూర్చుని పెరిగింది. ఎంత పెరిగిందో పేపర్లో చూసిన రోజున బాబాయి నాకు ఆ పేపరు చూపించాడు గానీ మొహంలో సంతోషం కంటే కంగారే ఎక్కువ ఉంది. అప్పటికే ఆయన తూకపు రాళ్ళు అరిగిపోయాయి. ఆఫీసువాళ్ళు ఈసారికి ఊరుకున్నారు గానీ మళ్ళీ పరీక్షకి అవి నిలబడవు. కొత్త రాళ్ళ పెట్టె కొనాలంటే మాటలు కాదు. వాటిని తయారుచేసే కంపెనీ ఒకటి, డబ్బుకి బదులు ఈ క్రిప్టో కూడా తీసుకుంటుందని తెలిసింది.

"అక్కా, ఉంచుకుంటే పన్ను లేదంటున్నారు. అమ్మి డబ్బు చేసుకుంటే ఉందంటున్నారు. మరి అమ్మకుండా, దీంతోనే రాళ్ళు కొంటే?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "దానికేముంది? నేను నీకు గొడుగిచ్చి, నువ్వు నాకు కుర్చీ ఇస్తే మధ్యలో సర్కారుకేం పని? చేతికి డబ్బు రాలేదు, పన్నూ లేదు. హాయిగా కొనుక్కో."

"ఎవరినైనా అడిగితే మంచిదేమో."

"అడిగి వాళ్ళకి లేని సందేహం పుట్టిస్తావా? నేను చెప్తున్నాగా!"

నేను చెప్తున్నాగా. ఈ మాట ఎన్ని వందలసార్లు ఎంతమందితో అన్నానో లెక్కలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

కొత్త రాళ్ళు వచ్చాయి. చెక్కపెట్టె, లోపల నీలం మఖ్మలు, ఒక్కో రాయికి ఒక్కో గుంట. కిలో రాయి దగ్గర్నుంచి గోరంత రేకు దాకా వరసగా పడుకుని ఉన్నాయి. నేను చెయ్యి పెట్టబోతే బాబాయి పెట్టె పక్కకి జరిపాడు.

"వేలితో ముట్టుకోకూడదక్కా. చెమట అంటుతుంది. అది కంటికి కనపడదు గానీ ఆ బరువు దాని మీద ఉండిపోతుంది."

పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు. పసిపిల్లని చూపించినట్టు చూపించాడు.

ఆ ఏడాది చివర పన్నుల ఫారం వచ్చింది. ప్రతి ఏడూ మా ఇంట్లోనో కొట్లోనో నేనే చదివేదాన్ని, ఆయన జవాబులు చెప్పేవాడు, నేను గడుల్లో టిక్కులు పెట్టేదాన్ని, ఆయన సంతకం చేసేవాడు. ఆ రోజు ఆయన చేతులకి సీసం మసి ఉంది. కిరాణా కొట్టతను కాటా కోసం గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. నేను పీట మీద కూర్చుని గడగడా చదువుతున్నాను.

ఒక ప్రశ్న దగ్గరికొచ్చాను. అది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. 'ఈ సంవత్సరంలో మీరు ఏదైనా డిజిటల్ ఆస్తిని అమ్మారా, మార్చుకున్నారా, ఖర్చు చేశారా?' అవును, లేదు అని రెండు గడులు.

దాన్ని నేను పైకి చదవలేదు.

"ఏమిటక్కా ఆగావు?" అన్నాడు బాబాయి, తల ఎత్తకుండానే.

"ఏం లేదులే, ఇది నీకు సంబంధించింది కాదు" అన్నాను. 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టేశాను.

నా టిక్కుకి తోక పొడుగు. చిన్నప్పుడు మా బళ్ళో టీచరమ్మ టిక్కు అలాగే ఉండేది, అది చూసి నేర్చుకున్నాను. ఆ తోక పక్క గడి దాటి వెళ్ళింది.

'ఖర్చు చేశారా' అన్న మాట నా కంటికి కనపడలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. కనపడింది. చూశాను. పైకి చదివితే ఆయన ఆగుతాడు, ఎవరినో అడుగుతాడు, అప్పుడు నేను చెప్పింది తప్పని తేలుతుంది. కిరాణా అతని ముందు తేలుతుంది. అందుకని మింగేశాను. బాబాయి చేతులు తుడుచుకుని, నేను చూపించిన చోట సంతకం చేశాడు. చదవలేదు. నేను చదివానుగా మరి.

ఆరు నెలలు పోయాయి. ఒక రోజు పొద్దున వెళ్ళేసరికి కొట్లో ఫ్యాను తిరుగుతోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. గోడ మీద త్రాసులన్నీ ఊగుతూ, ఒకదానికొకటి తగులుతూ చిన్నగా మోగుతున్నాయి. నీలం మఖ్మలు పెట్టె మూసి ఉంది. కిరాణా అతను కాటా చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు.

"చూడు పెద్దమ్మా, బాబాయి ముద్ర కొట్టనంటున్నాడు. కాటాలో తేడా ఉందా అంటే లేదంటాడు. మరెందుకు కొట్టవంటే పలకడు. నేనేమన్నా మైనం పూశానా?"

"నువ్వెళ్ళు, నేను మాట్లాడతా" అని పంపేసి లోపలికి వెళ్ళాను.

"ఒంట్లో బాగాలేదా తమ్ముడూ?"

"బాగానే ఉంది. పోస్టాఫీసులో పార్సిళ్ళ కాటా చూడ్డానికి వెళ్ళానక్కా. ముల్లు నిలబడేదాకా ఆగాలి కదా, గోడ మీద కాగితం కనపడితే చదివాను. పన్నుల వాళ్ళది. క్రిప్టో ఉంచుకుంటే ఏం లేదు, దాంతో వస్తువు కొంటే మాత్రం అమ్మినట్టేనట. పన్ను కట్టాలట. ఫారంలో అడిగాం, చూసుకోండి అని కూడా ఉంది." మూసిన పెట్టె మీద చెయ్యి పెట్టాడు. "అడిగారా అక్కా?"

"అడిగారు" అన్నాను.

ఆయన తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. "ఆ రాళ్ళు ఒకరి కాటా మీద పెట్టబుద్ధి కావట్లేదు. తక్కువ తూచావని ఎవరినైనా అనడానికి నోరు రావట్లేదు" అన్నాడు.

"ఎవరికి తెలుస్తుంది? అడిగినవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు. ఊరుకుందాం."

"చెమట కూడా ఎవరికీ కనపడదు కదా."

"పోనీ నా పేరు చెప్పు. అక్క పెట్టిందని చెప్పు."

అప్పుడు కొంచెం నవ్వాడు. "ఆ ఫారంలో నీ పేరుకి గడి లేదక్కా."

తప్పు ఫారం ఇచ్చానని ఒప్పుకుంటే, నమ్మకం మీద ఇచ్చిన ముద్ర పోవచ్చు. ముద్ర పోతే ఆయన ఉత్త మరమ్మతు మనిషి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా మర్నాడు పన్నుల ఆఫీసుకి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు.

గాజు పలక వెనక ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. ఓపిగ్గానే విన్నది. "ఇది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుందండీ, మన దగ్గర పద్ధతి ఇదీ" అని విడమరిచి చెప్పింది. ఉంచుకున్నదానికి ఇప్పుడేం లేదు. కానీ పనికి బదులుగా తీసుకున్నారు కాబట్టి ఆ రోజు దాని విలువ కూలి కిందే లెక్క. రాళ్ళు కొన్ననాటికి ఎంత పెరిగిందో అది లాభం కింద లెక్క. రెండూ చూపించాలి. బాబాయి తలూపుతూ అన్నీ రాసుకున్నాడు.

"పన్ను కట్టడానికి మిగిలింది అమ్మితే, దానికి కూడా ఉంటుందా అమ్మా?"

"ఉంటుందండీ."

"ఈసారి ముందే అడుగుతున్నాను" అన్నాడు. ఆవిడ నవ్వింది.

తర్వాత పాత ఫారం తీసి గాజు పలకకి ఆనించింది. నా టిక్కు తోకతో సహా కనపడింది.

"అసలు ప్రశ్న ఇక్కడండీ. తెలియక పొరబడితే అపరాధ రుసుముతో పోతుంది. ఎవరైనా తెలిసి మీచేత ఇలా పెట్టిస్తే, వాళ్ళని పిలిపించాల్సి ఉంటుంది. ఇది మీరే చదివి, మీరే పెట్టారా?"

నేను నోరు తెరిచాను. ఆవిడ చూపు నా వైపు తిరిగింది. "మీరెవరండీ?"

"తోడొచ్చాను" అన్నాను.

"నేనే చదివాను. నేనే పెట్టాను. తప్పుగా అర్థం చేసుకున్నాను" అన్నాడు బాబాయి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ.

ఆవిడ రాసుకుంది. అయిపోయింది. వీధిలో ఎవరి కొంపలో ఏం జరిగినా అరగంటలో అందరికీ చేరవేసే నా నోరు, ఆ గాజు పలక ముందు కుట్టేసినట్టు ఉండిపోయింది. పిలిపిస్తారన్న మాటకి భయపడ్డాను. అంతకంటే వేరే కారణమేమీ లేదు. ఉందని రాస్తే అది ఇంకో తప్పుడు టిక్కవుతుంది.

బయటికొచ్చాం. బస్సు దగ్గర ఆయనే, "రెండు" అన్నాడు.

"ఏం రెండు?"

"అబద్ధాలు. పెట్టానన్నది ఒకటి. చదివానన్నది ఒకటి."

మిగిలిన క్రిప్టో అమ్మాడు. పన్ను, రుసుము కట్టేశాడు. ఆయనంతట ఆయనే వెళ్ళి చెప్పాడు గనక తూనికల ఆఫీసు వాళ్ళు ముద్ర జోలికి రాలేదు. ఫ్యాను ఆగింది. కిరాణా అతని కాటాకి ముద్ర పడింది. నేను మళ్ళీ వెళ్ళి పీట మీద కూర్చుని చెమటలు కక్కుకుంటూ కబుర్లు చెప్పాను. గండం గడిచిందనుకున్నాను. సిగ్గులేకుండా అంతా నా చేతుల మీదుగానే చక్కబడినట్టు ఒకరిద్దరితో అన్నాను కూడా.

ఎనిమిది నెలలకి ముద్ర గడువు తీరింది. కొత్తగా రాసిమ్మని కాగితం వచ్చింది. అది నా దగ్గరికి తేలేదు. కొట్లో కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, ప్రతి మాటా వేలు పెట్టి చదవడం నేను గుమ్మంలోంచి చూశాను. చివర ఒక వాక్యం ఉందట, ఏ సర్కారు అధికారితోనూ తెలిసి తెలిసీ అబద్ధం చెప్పలేదని సంతకం చెయ్యాలని. బాబాయి చెయ్యలేదు. ముద్రని మెత్తటి గుడ్డలో చుట్టి, తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చేసి వచ్చాడు. వచ్చాక నేను అడిగితే ఆ వాక్యం సంగతి చెప్పాడు.

నాలుగు రోజులకి మరదలు నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "ముప్ఫై రెండేళ్ళు వదినా. ఎందుకిచ్చేశారంటే 'గడువు తీరింది' అంటారు. నీకేమన్నా చెప్పారా?"

"తెలీదమ్మా" అన్నాను. అప్పటికే వీధిలో ఇద్దరు అడిగారు, ఆ రోజే మూడోసారి అంటున్నాను ఆ మాట.

సాయంత్రం కొట్టుకి వెళ్ళాను. "నేను వెళ్ళి చెప్పేస్తాను తమ్ముడూ."

"చెప్తే నేను అబద్ధం ఆడానని కూడా చెప్పాలి నువ్వు."

"నువ్వే చెప్పెయ్యలేకపోయావా? ముద్ర ఇచ్చేసే బదులు!"

"చెప్తే నిన్ను పిలుస్తారు. చెప్పకపోతే నేను సంతకం పెట్టలేను. ఇంకో దారి ఉందేమోనని పన్నెండు రోజులు చూశానక్కా. కనపడలేదు."

పన్నెండు రోజులు! నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పిన పన్నెండు రోజులు.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళాను. అదే గాజు పలక, అదే ఆఫీసరమ్మ. ఆ టిక్కు నాదని, ఆ మాట చూసే పెట్టానని, ఆయన నన్ను కాపాడటానికి అలా అన్నాడని, అంతా చెప్పాను. ఒక కాగితం మీద నా టిక్కు పెట్టి చూపించాను. ఆవిడ పాత ఫారం పక్కన పెట్టి చూసింది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా? ఇక్కడే ఉన్నారు కదా."

"భయమేసిందండీ" అన్నాను.

నా మాటలన్నీ రాసి సంతకం చెయ్యమంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే చేశాను. పన్ను ఎప్పుడో కట్టేశారు కాబట్టి మందలింపుతో వదిలేస్తామంది. ఆయన మీద కూడా ఏమీ ఉండదంది. మరి ముద్ర తిరిగి ఇప్పిస్తారా అంటే, అది వేరే ఆఫీసని, ఆయనే వదులుకున్నాడు గనక అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశారని కనుక్కుని చెప్పింది. నాకేదో శిక్ష పడుతుందని ఆ రోజు వణికాను. చివరికి ఒక్క పైసా రుసుము కూడా నా మీద పడలేదు.

బాబాయికి చెప్పాను. "మంచి పని చేశావు" అన్నాడు. ముల్లు వైపు చూస్తూనే అన్నాడు.

ఇదంతా రాస్తానని అడిగితే, "రాయి. పెంచకు, తగ్గించకు" అన్నాడు. అందుకే ఆ రోజు కిరాణా అతను గుమ్మంలో ఉన్న సంగతి కూడా రాశాను. అతను చదివితే చదవనీ. కొత్త ముద్ర మనిషి వారానికోసారి వచ్చి, ఎదురుగా ఫ్యాను పెట్టుకుని తూస్తున్నాడని రోజూ నా దగ్గరే గొణుగుతుంటాడు పాపం.

ఇప్పుడు ఎవరైనా కాగితం తెస్తే ఉన్నదున్నట్టు పైకి చదువుతాను. "మరి ఏం చెయ్యమంటావు పెద్దమ్మా?" అంటే, అడగాల్సినవాళ్ళని అడగమంటాను. నాకు ఒంట్లో బాగోలేదేమోనని కొందరు అనుకుంటున్నారు.

బాబాయి త్రాసులు బాగుచేస్తూనే ఉన్నాడు. సన్నటి పని రాదు, ముద్ర పని లేదు. నీలం మఖ్మలు పెట్టె పై అరలో ఉంది. నేను వెళ్ళగానే ఆయనే లేచి ఫ్యాను వేస్తాడు, "కూర్చో అక్కా, ఉడికిపోతున్నావు" అంటాడు. కొట్లో గాలి హాయిగా ఉంటుంది. గోడకున్న త్రాసులు మోగుతుంటాయి. నేను అయిదు నిమిషాలు కూడా కూర్చోలేను.